వాకిట ఊడ్చిన కసువు ఎవరిది?

నెల్లూరు సీమలో పెన్నానదికి ఉత్తరాన, సముద్రానికి చేరువగా ఉన్న ఊరు అల్లూరు. చుట్టూ వరిపొలాలు, తూర్పున బకింగ్‌హాం కాలువ, దానికి ఆవల ఇసకపల్లి తీరం. మా మాతామహుల ఇల్లు ఆ ఊరిలోనిదే. బాల్యంలో వేసవి సెలవులకు అక్కడికి పోయినప్పుడు తెల్లవారుజామున మొదట నా చెవిని పడే ధ్వని చీపురు చప్పుడు. అమ్మమ్మ వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గు పెట్టేది. ఊడ్చిన కసువును చాటకెత్తి, పెరటి మూలనున్న దిబ్బలో పోసి రమ్మని నాకు చెప్పేది. ఒకనాడు నేను బద్ధకించి, దగ్గరలో ఉన్నది కదా అని, దానిని పక్కింటివారి దిబ్బలో పోసి వచ్చినాను. అమ్మమ్మకు కోపం వచ్చినది. "ఏందబ్బయా, మన ఎరువు తీసుకపోయి వాళ్ల దిబ్బలో పోసొచ్చినావే!" అన్నది.

ఆనాడు ఆ కోపం నాకు అర్థం కాలేదు. కసువు పారవేసే వస్తువే కదా, ఎక్కడ పోస్తేనేమి అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఇంటి చెత్త చరిత్రలో సగం ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నదని తోస్తున్నది. అమ్మమ్మ దృష్టిలో కసువుకు యజమాని ఉన్నాడు. ఈనాడు అదే వీధిలో కుప్పపడిన చెత్తను చూపి ఎవరిదని అడిగితే "మాది కాదు" అనేవారే గాని "మాది" అనేవారు కానరారు. ఒకప్పుడు ఆస్తిగా ఉన్నది ఎట్లా అనాథ అయినది? దాని బాధ్యత ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారినది? గృహస్థు, పారిశుద్ధ్య కార్మికుడు, పంచాయతీ, ప్రభుత్వం, వర్తకుడు, రైతు, వీరిలో ఎవరి పాలు ఎంత? శ్రోతలకు ఈ ప్రసంగంలో మనవి చేయదలచినది ఇదే.

ఈ ప్రశ్న కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగరపాలనను గురించిన ప్రకరణంలో వీధిలో చెత్త పోసినవానికి పణంలో ఎనిమిదవ వంతు, బురదనీరు నిలిచేటట్లు చేసినవానికి నాలుగవ వంతు జరిమానా విధింపబడినది. అదే తప్పు రాజమార్గంలో చేస్తే జరిమానా రెట్టింపు. ఇక్కడ గమనింపదగినది ఒకటి ఉన్నది. వీధిని పాడుచేయకుండా చూచుకొనే భారం ఇంటివానిదే. అతడు తప్పినప్పుడు దండించుట రాజ్యం పని.

మన పల్లెలలో ఈ భారాన్ని మోయించినది శాసనం కాదు, సేద్యం. ఇంట్లో మిగిలినదానిలో వృథాగా పోయేది చాలా తక్కువ. బియ్యం కడిగిన నీరు, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి పోయేవి. పాత చీరలు బొంతలయ్యేవి. పాత కాగితాలు అంగడిలో పొట్లాలయ్యేవి. ఇనుప ముక్కను, ఇత్తడి ముక్కను పాత సామాను కొనేవాడు తూచి తీసుకునేవాడు. మిగిలిన పేడ, బూడిద, ఆకు, ఊక, ఎంగిలి విస్తళ్లు దిబ్బకు చేరేవి. ఏడాది పొడుగునా అక్కడ మాగిన పెంటను వేసవిలో బండ్లకెత్తి మళ్లకు తోలేవారు. మొలగొలుకులు పండిన నెల్లూరు మాగాణులకు ఆ దిబ్బల ఎరువే బలం. దిబ్బ ఎంత పెద్దదైతే ఆ ఇంటి సేద్యం అంత గట్టిదని లెక్క. చెత్తకు విలువ ఉన్నది గనుక దానికి యజమాని ఉన్నాడు.

అయితే ఆ కాలాన్ని స్వర్ణయుగమని పొగడుట న్యాయం కాదు. దిబ్బ బావికి పక్కనే ఉన్న ఇండ్లు అనేకం. ఈగలు, దుర్గంధం, వానకాలంలో విషూచి ఆ పల్లెలకు తప్పని పీడలు. ఇంతకంటె పెద్ద దోషం మరొకటి ఉన్నది. తనకు ఉపయోగపడే కసువును గృహస్థు తానే ఎత్తుకున్నాడు. తనకు ఉపయోగపడని మాలిన్యాన్ని, చచ్చిన పశువును, మానవ మలాన్ని ఎత్తే పనిని మాత్రం కొన్ని కులాలవారిపై వంశపారంపర్యంగా మోపి, ఆపైన వారినే అంటరానివారన్నాడు. విలువ ఉన్నది నాది, విలువ లేనిది వానిది అనే ఈ పంపకం మన చెత్త చరిత్రలో మొదటి అన్యాయం. దాని నీడ ఈనాటికీ తొలగిపోలేదు.

పాశ్చాత్య నగరాల అనుభవం కూడ ఇటువంటిదే. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలో లండను ఇండ్లలో మిగిలే చెత్తలో అధికభాగం బొగ్గుల బూడిద. ఇటుకల తయారీకి అది అవసరం. అందుచేత చెత్త ఎత్తే కంట్రాక్టుదారులు ఆ హక్కు కోసం స్థానిక సంస్థలకు ఎదురు సొమ్ము చెల్లించేవారు. చెత్తగుట్టల వల్ల ధనికుడైనవాని ఆస్తి చుట్టూ డికెన్సు 1864, 65 సంవత్సరాలలో ఒక నవలనే నడిపినాడు. తరువాత బూడిదకు గిరాకీ తగ్గినది. అప్పుడు కంట్రాక్టుదారులే ఎత్తినందుకు కూలి అడుగసాగినారు. వస్తువు అదే, వీధి అదే. విలువ పోయేసరికి ఆస్తి కాస్తా భారమైనది.

ఈలోగా 1842లో ఎడ్విన్ చాడ్విక్ తన నివేదికలో పేదల రోగాలకూ, వారు నివసించే వాడల మురికికీ ఉన్న సంబంధాన్ని వెల్లడించినాడు. నాటినుండి చెత్త ఇంటి వ్యవహారంగా కాక ప్రజారోగ్య వ్యవహారంగా మారినది. 1875 నాటి ఇంగ్లండు ప్రజారోగ్య శాసనం చెత్త ఎత్తే పనిని స్థానిక సంస్థలకు అప్పగించినది. ఆ సంస్థ పనికి అడ్డుపడినవారికి జరిమానా కూడ విధించినది. కాని అందులో ఒక మినహాయింపు ఉన్నది. తన ఇంటి చెత్తను అమ్ముకొనుటకో, సొంతానికి వాడుకొనుటకో ఎవరికీ బాధ కలుగకుండా ఉంచుకున్న ఇంటివానికి ఆ శిక్ష వర్తించదు. అంటే యజమాని హక్కును ఆ శాసనం అప్పటికి ఇంకా మరచిపోలేదు.

పారిస్ నగరంలో మరొక అడుగు పడినది. అక్కడి పాలనాధికారి యూజీన్ పూబెల్ 1883, 84 సంవత్సరాలలో ఇంటి యజమానులందరూ చెత్తకు పాత్రలు ఉంచవలెనని ఉత్తరువు చేసినాడు. కుళ్లే చెత్తకు ఒకటి, కాగితాలకు గుడ్డలకు ఒకటి, గాజుపెంకులకు ఆల్చిప్పలకు ఒకటి. తడి, పొడి వేరు చేయుట నిన్న మొన్నటి ఆలోచన అనుకొనేవారికి ఈ సంగతి వింతగా తోచవచ్చును. ప్రజలు విసుక్కుని ఆయన పేరునే చెత్తకుండకు పెట్టినారు. ఫ్రెంచి భాషలో చెత్తబుట్టకు నేటికీ అదే పేరు. అయితే ఆ ఉత్తరువును గట్టిగా ఎదిరించినవారిలో వీధి చెత్తలో గుడ్డపేలికలు ఏరుకొని బ్రతికే బీదలు ముఖ్యులు. చెత్త పాత్రలోకి పోతే తమ కూడు పోతుందని వారి మొర. ఊరి శుభ్రతకు వేసే ప్రతి పథకంలోనూ ఇటువంటివారు ఒకరుంటారు. వారిని మరచిన పథకం ఎంత చక్కనిదైనా ఒకరి కంచం మీదనే నడుస్తుంది.

ఇక మన చెన్నరాష్ట్రానికి వస్తే, 1865 నాటి శాసనంతో పట్టణాల అభివృద్ధికి స్థానిక ఏర్పాట్లు మొదలైనవి. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి తీర్మానం చేసిన తరువాత, 1884లో పురపాలక సంఘాలకు ఒక శాసనం, స్థానిక బోర్డులకు ఒక శాసనం వెలువడినవి. ఈ రెండవ శాసనం కింద పెద్ద గ్రామాలను యూనియన్లుగా ఏర్పరచి పంచాయతీల పరం చేసినారు. వీధులలో దీపాలు వెలిగించుట, వీధులను, మురుగు కాలువలను, చెరువులను, బావులను శుభ్రపరచుట వాటి విధులు. అందుకు ఇంటిపన్ను వసూలు చేయవచ్చును. 1920లో గ్రామ పంచాయతీ శాసనం వచ్చినది. 1939లో మద్రాసు ప్రజారోగ్య శాసనం వచ్చినది. ప్రజారోగ్యం కొరకు ఇంత సమగ్రమైన శాసనం దేశంలో అదే మొదటిది.

ఈ శాసనాల వల్ల మేలు జరుగలేదని అనను. అంటువ్యాధులు తగ్గుటకు, ఊరి బావులు బాగుపడుటకు అవి తోడ్పడినవి. కాని గృహస్థు మనసులో ఒక మార్పు కూడ వచ్చినది. పన్ను కట్టినాను గనుక నా పని తీరినది అనే భావం మెల్లగా నాటుకున్నది. ఎత్తే పనికి పంచాయతీవారు పెట్టుకున్నది వెనుకటి ఆ కులాలవారినే. అందుచేత పాత అన్యాయం కొత్త జీతపు పట్టీలోకి ఎక్కినది గాని తొలగలేదు.

ఈ రెండు దోషాలనూ ఒకేసారి ప్రశ్నించినవాడు గాంధీ. 1901లో కలకత్తా కాంగ్రెసు సభకు పోయినప్పుడు అక్కడి మరుగుదొడ్ల దుస్థితి చూచి ఆయన స్వచ్ఛంద సేవకులకు చెప్పినాడు. అది తమ పని కాదు, పాకీవారి పని అన్నారు వారు. గాంధీ తానే చీపురు తెప్పించుకొని శుభ్రం చేసినాడు. ఇరవై యేండ్ల తరువాత, 1921 ఏప్రిల్ 7న, ఆయన మన నెల్లూరు జిల్లాకు వచ్చి పెన్న ఒడ్డున పల్లిపాడులో సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించినాడు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్యగారలు దాని స్థాపకులు. గాంధీ ఆశ్రమాలన్నిటిలోనూ పారిశుద్ధ్యం ఆశ్రమవాసుల నిత్యకృత్యం. ఎవరి మాలిన్యాన్ని వారు శుభ్రం చేసుకొనుట అక్కడ సేవ కాదు, కనీస ధర్మం. 1941లో వెలువరించిన నిర్మాణ కార్యక్రమంలో గ్రామ పారిశుద్ధ్యానికి ఆయన ప్రత్యేక స్థానం ఇచ్చినాడు.

అదే కాలంలో శాస్త్రజ్ఞులు దిబ్బను పరిశీలనకు తీసుకున్నారు. ఇందూరులో ఆల్బర్ట్ హోవర్డు, యశ్వంత్ వాడ్ రైతు దిబ్బను శాస్త్రీయంగా మాగబెట్టే పద్ధతిని రూపొందించి 1931లో గ్రంథస్థం చేసినారు. బెంగుళూరులో డాక్టర్ సి. ఎన్. ఆచార్య 1939లో పట్టణపు చెత్తను మలంతో కలిపి గుంటలలో పొరలు పొరలుగా వేసి ఎరువుగా మార్చే పద్ధతిని కనుగొన్నారు. పట్టణపు కసువు మళ్లీ పొలానికి చేరే దారి ఒకటి తెరచుకున్నది. మా అమ్మమ్మ దిబ్బకు శాస్త్రం వేసిన ఆమోదముద్ర అది.

అయితే ఆ దారిలో నడిచేవారు కరవైనారు. రసాయనిక ఎరువుల బస్తాలు అందుబాటులోకి వచ్చినవి. ఎద్దుల స్థానాన్ని ట్రాక్టరు ఆక్రమించినది. కొట్టంలో పశువులు లేనప్పుడు దిబ్బకు మూలధనమైన పేడ లేదు. పెరడు పోయి గదులు వచ్చినవి. ఇన్నిటితోపాటు ప్లాస్టిక్కు వచ్చినది. పాలిథీను సంచి కలిసిన పెంటను ఏ రైతూ తన మడిలో వేయనీయడు. మాగే వస్తువు, మాగని వస్తువు ఒకే కుప్పలో పడిన నాడు రెండింటి విలువా పోయినది. కసువు అనాథ అయినది ఆనాడే.

1992లో రాజ్యాంగానికి 73, 74 సవరణలు చేసినప్పుడు పదకొండవ షెడ్యూలులో ఆరోగ్య పారిశుద్ధ్యాలను గ్రామ పంచాయతీల అంశాలలోను, పన్నెండవ షెడ్యూలులో ఘనవ్యర్థాల నిర్వహణను పట్టణ సంస్థల అంశాలలోను చేర్చినారు. 1994లో సూరతులో ప్లేగు భయం వ్యాపించినప్పుడు ఊరి చెత్త ఊరి ప్రాణానికి వస్తుందని దేశమంతా గ్రహించినది. 1996లో అల్మిత్రా పటేల్ అనే ఆమె నగరాల చెత్త విషయమై సుప్రీంకోర్టును ఆశ్రయించినారు. ఆ వ్యాజ్యం పర్యవసానంగా 2000లో పురపాలక వ్యర్థాల నియమాలు, వాటి స్థానంలో 2016లో ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వెలువడినవి.

2016 నియమాలు బాధ్యతను ఒక్కరి నెత్తిన పెట్టక భాగస్వాములందరికీ పంచినవి. గృహస్థు కుళ్లేదానిని, కుళ్లనిదానిని, హానికరమైనదానిని మూడుగా వేరుచేసి ఇవ్వవలెనని, వీధిలోగాని, కాలువలోగాని పారవేయరాదని, తగులబెట్టరాదని, సేవకు రుసుము చెల్లించవలెనని అవి విధించినవి. లైసెన్సు లేని స్థలంలో 100 మందికి మించి చేరే వేడుక చేసేవారు 3 పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలుపవలసి ఉండినది. స్థానిక సంస్థ ఇంటింటికీ పోయి వేరుచేసిన చెత్తను సేకరించవలసి ఉండినది. చెత్త ఏరుకొని బ్రతికేవారిని ఈ వ్యవస్థలో కలుపుకోవలసి ఉండినది. జిల్లా కలెక్టరు స్థలం చూపవలసి ఉండినది. ఎరువుల వ్యవహారాలు చూచే శాఖ 6, 7 బస్తాల రసాయనిక ఎరువుతో 3, 4 బస్తాల కంపోస్టు కలిపి అమ్మేటట్లు చూడవలసి ఉండినది. ప్లాస్టిక్కు పొట్లాలలో సరకు అమ్మే తయారీదారు ఆ పొట్లాన్ని తిరిగి సేకరించే భారం వహించవలెనని అదే సంవత్సరపు ప్లాస్టిక్కు నియమాలు చెప్పినవి. పూబెల్ మూడు పాత్రలు, పారిస్ బీదల మొర, అమ్మమ్మ దిబ్బ, అన్నీ ఆ కాగితంలో చేరినవి.

కాగితం మీది మాట చేతకు వస్తుందా అంటే, వచ్చినచోట్లు ఉన్నవి. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో, నాటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట పురపాలక సంఘం కమిషనరు ఖాదర్ సాహెబు హయాములో వీధులలోని చెత్తకుండీలను తొలగించినది. తడి చెత్తను, పొడి చెత్తను ఇంటివద్దనే విడివిడిగా తీసుకొని, ఒకదానిని ఎరువు చేసి, రెండవదానిని అమ్మినది. చెత్తకు మళ్లీ విలువ కట్టినారు. విలువ రాగానే ఊరు దానిని తనదిగా ఎంచుకున్నది.

ఆంధ్రప్రదేశ్‌లో పల్లెలలో చెత్తనుండి సంపద తయారుచేసే కేంద్రాలు వెలసినవి. 2021 అక్టోబరు 2న ప్రారంభమైన కార్యక్రమం కింద పట్టణ గృహాలకు మూడు రంగుల బుట్టలు ఇచ్చినారు. వాటితోపాటు విధించిన రుసుము చెత్తపన్ను అనే పేరుతో వివాదాస్పదమైనది. దానిని రద్దు చేస్తున్నట్లు 2024 అక్టోబరు 2న ప్రకటించినారు. రుసుము ఉండవలెనా, వద్దా అనుట ప్రజలు, ప్రభుత్వాలు తేల్చుకోవలసిన విషయం. కాని ఎత్తేవారికి జీతం, బండికి చమురు, చేతికి తొడుగు ఎవరో ఒకరు ఇవ్వక తప్పదు. 2023 డిసెంబరు చివరినుండి 2024 జనవరి వరకు పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసినప్పుడు ఊళ్లలో పేరుకున్న కుప్పలు ఈ నిజాన్ని ప్రతి ఇంటికీ తెలిపినవి. రోజూ కంటబడని పని ఆగిన రోజున కంటబడుతుంది.

ఇప్పుడు మళ్లీ అల్లూరికి వస్తాను. ఆ ఊరు ఇటీవలి సంవత్సరాలలో నగర పంచాయతీ అయినది. పోయినసారి నేను వెళ్లేసరికి పెరటి దిబ్బ ఉండిన చోట సిమెంటు గచ్చు ఉన్నది. ఉదయం చెత్తబండి వచ్చినది. మా అత్తయ్య ముందురోజు పగిలిన గాజుగ్లాసును కూరగాయల తొక్కలతో కలిపి పాలిథీను సంచిలో కట్టి ఇచ్చినది. బండి మీది కార్మికురాలు వాటిని వేరుచేద్దామని సంచిలో చేయి పెట్టినది. అరచేయి తెగినది. అత్తయ్య లోనికి పరుగెత్తి పసుపు, పాతగుడ్డ తెచ్చి కట్టు కట్టినది. ఆమె కోపగించుకోలేదు. "గాజుపెంకులుండాయని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది గదమ్మా" అన్నది. కట్టు కట్టుకొని పక్కింటికి పోయినది.

ఆ సంచిలో ఉన్నవి విడివిడిగా ఉంటే ఏదీ చెత్త కాదు. తొక్కలు ఎరువు. గాజు అమ్ముడుపోయే సరకు. కలిపి ముడి వేసిన ఆ అర నిమిషంలోనే అవి చెత్త అయినవి, ఒక మనిషికి గాయమైనవి. శాసనాలు, పంచాయతీలు, యంత్రాలు, పథకాలు అన్నీ ఆ అర నిమిషం తరువాత వచ్చేవి. దానికి ముందు ఉన్నది ఇల్లు ఒక్కటే. కనుక భాగస్వాములు ఎందరున్నా మొదటి భాగం గృహస్థుదే. పంచాయతీ బండి వేళకు రాకపోతే అడిగే హక్కు మనకున్నది. వేరుచేసి ఇచ్చినదానిని వారు మళ్లీ ఒకే బండిలో కలిపితే నిలదీసే హక్కు కూడ ఉన్నది. కాని మన వంతు చేసినవారి మాటకే ఆ హక్కులో బలం ఉంటుంది.

అల్లూరు వంటి ఊరిలో ఈ విషయం మరింత అగత్యం. అక్కడ కాలువలో వేసినది కాలువలో ఆగదు. వాననీటితో మురుగుకాలువకు, దానినుండి బకింగ్‌హాం కాలువకు, ఆపైన సముద్రానికి పోతుంది. తీరాన వల లాగేవారు చేపలతోపాటు మన సంచులను కూడ ఒడ్డుకు చేరుస్తారు. అవతలికి పోయినదనుకున్నది ఎవరో ఒకరి చేతికి తగిలి తీరుతుంది.

పాత దిబ్బలు తిరిగి రావు. వాటిలోని దోషాలు తిరిగి రావలసిన పనీ లేదు. తిరిగి రావలసినది "ఇది మనది" అన్న అమ్మమ్మ మాట ఒక్కటే. మా అత్తయ్య ఇప్పుడు వాకిట రెండు బుట్టలు పెట్టినది. గాజు పగిలితే కాగితంలో చుట్టి, దారం కట్టి, బండి వచ్చినప్పుడు చేతికిచ్చి మరీ చెపుతున్నది. తొక్కలలో కొంత భాగం మాత్రం బండికి పోవడం లేదు. గచ్చు పక్కన మిగిలిన జానెడు నేలలో ఒక కరివేపాకు చెట్టు ఉన్నది. దాని మొదట్లోకి పోతున్నది.